మూత పెట్టి మరిచిపోకమ్మా

పాలకొల్లు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

చూసి చెప్పమని నీ వ్యాసం పెట్టి నువ్వు పంపిన కవరు మొన్న మంగళవారం అందింది. "స్లో కుక్కర్‌లో పది తీపి వంటలు" రెండుసార్లు చదివాను. చదివి ఊరుకోలేదు. మా కోడలికి వాళ్ల తమ్ముడు కువైట్ నుంచి తెచ్చిన స్లో కుక్కర్, అదే కరెంటు మీద గంటల తరబడి సన్నగా ఉడికించేది, అటక మీద ఉంటే దింపించి, నీ మొదటి వంట బెల్లం పరమాన్నం నువ్వు రాసింది రాసినట్టు చేశాను. లీటరు పాలు, చిన్న గ్లాసు బియ్యం, పావుకిలో బెల్లం, నాలుగు యాలకులు. అన్నీ ఒకేసారి వేసి, స్విచ్ "లో" మీద పెట్టి, నువ్వు చెప్పినట్టే "మూత పెట్టి మరిచిపోయాను". నాలుగు గంటల తర్వాత తీసి చూస్తే పాలు విరిగి నీళ్లు ఒక పక్క, పలుకులు ఒక పక్క ఉన్నాయి. బియ్యం నోట్లో వేసుకుంటే నడిమి పలుకు ఇంకా పంటికి తగిలింది.

పాలు పోయినందుకు నాకు బాధ లేదు. నువ్వు ఈ వంట చేయకుండా రాశావు, అదీ బాధ. ఎక్కడో బ్రౌన్ షుగర్‌తో చేసే రైస్ పుడ్డింగ్ చదివి, దాని బదులు బెల్లం అని రాసేశావు. రావులపాలెంలో పుట్టి పెరిగిన పిల్లవి, మీ ఇంట్లో ఎవరినైనా ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్లు, కాగే పాలల్లో బెల్లం వేయకూడదని. బెల్లంలో పులుపు గుణం ఉంటుంది, ఉప్పదనమూ ఉంటుంది. వేడి పాలల్లో పడితే విరిచేస్తుంది. ఇక బియ్యం సంగతి. గింజ ఉడకకముందే తీపి పడితే ఆ తీపి నీళ్లని పట్టేసుకుంటుంది, గింజలోకి పోనివ్వదు. బెల్లమైనా పంచదారైనా అంతే. అందుకే మన వాళ్లు అన్నం మెత్తగా ఉడికాకే తీపి కలుపుతారు.

సరే, కోపం కాస్త తగ్గాక ఇంకో మాట చెప్పాలి. నాలుగో పేజీలో బ్రాకెట్లో పెట్టి ఒక వాక్యం దాచేశావు. "మా అమ్మమ్మ మాత్రం మధ్యమధ్యలో వచ్చి కుక్కర్ మూత మీద అరచెయ్యి ఆనించి చూసేది" అని. అక్కడ నేను కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది. మా అమ్మ అలాగే చూసేది. కుక్కర్‌ని కాదు, దాలిని.

నువ్వు దాలి చూసి ఉండవు. మా పెరట్లో గోడ వారన మోకాలి లోతు గుంట ఉండేది. పొద్దున్నే పిడకలు రాజేసి, పైన ఊక జల్లి, మంట లేవకుండా నివురు కప్పి, పాల కుండ దించేవాళ్లు. సాయంత్రం దాకా ఆ పాలు కాగుతూనే ఉండేవి, పొంగేవి కావు. దీపాలవేళకి మూకుడు తీస్తే పాలు లేత ఎరుపులోకి తిరిగి ఉండేవి. పైన మీగడ అట్టులా కట్టేది. ఆ కమ్మదనం గ్యాసు పొయ్యి మీద కాచిన పాలకి రాదు. అమ్మ ఎప్పుడూ గడియారం చూడలేదు. మూకుడు మీద చెయ్యి పెట్టేది, ఒక్క క్షణం ఆగేది, "ఇంకా ఉంది" అనేది. లేకపోతే "చాలు, ఇక బూడిద లాగండి" అనేది.

నువ్వు నీ వ్యాసం మొదట్లోనే స్లో కుక్కర్‌ని "పాశ్చాత్యులు మనకిచ్చిన కొత్త పద్ధతి" అన్నావు. ఆ కుక్కర్ పుట్టుక తెలుసుకుని రాసి ఉంటే నీ వ్యాసం ఇంకోలా ఉండేది. దాన్ని కనిపెట్టినాయన షికాగోలో ఉండిన ఇర్వింగ్ నాక్సన్. ఆయనకి పేటెంట్ వచ్చింది 1940లో. ఆయనకి ఆ ఆలోచన ఇచ్చింది వాళ్లమ్మ చెప్పిన కబురు. లిథువేనియాలోని విల్నా ఊళ్లో యూదుల ఇళ్లలో శనివారం పొయ్యి వెలిగించరు. అందుకని శుక్రవారం సాయంత్రమే చిక్కుడు గింజలూ మాంసమూ వేసిన కుండని బేకరీకి పట్టుకెళ్లి, ఆరిపోతున్న పొయ్యి వేడిలో రాత్రంతా ఉంచేవారు. చూశావా, అదీ దాలే. వాళ్ల ముసలమ్మల దాలి. 1971లో ఒక కంపెనీ దానికి క్రాక్-పాట్ అని పేరు పెట్టి, ఉద్యోగాలకి వెళ్లే ఆడవాళ్ల కోసం అమ్మడం మొదలుపెట్టింది. పొద్దున పడేసి ఆఫీసుకి పొమ్మనే మాట అప్పటి నుంచి ఊరూరా తిరిగింది. మాంసానికీ చిక్కుళ్లకీ ఆ మాట సరిపోతుందేమో. పాలకి సరిపోదమ్మా. పాలు మనిషి కోసం చూస్తాయి.

అందుకే నీ వ్యాసంలో "మరిచిపోండి" అన్న మాట ఏడుసార్లు వచ్చినా ఏడుసార్లూ ఎర్రసిరాతో కొట్టేశాను. చదివేవాళ్లు మరిచిపోతే పోనీ, రాసే దానివి నువ్వు మరిచిపోకూడదు. వాళ్లు వదిలేసి వెళ్లగలగాలంటే నువ్వు ముందు నాలుగు గంటలూ దాని పక్కన కూర్చుని ఉండాలి. గంటకి ఏమైంది? రెండు గంటలకి వాసన ఎలా మారింది? అంచు వెంబడి ముందు బుడగలు వచ్చాయా, నడుమ వచ్చాయా? స్లో కుక్కర్‌లో వేడి చుట్టూ గోడల నుంచి వస్తుంది కాబట్టి అంచు ముందు కాగుతుంది, అడుగంటేదీ మాడేదీ కూడా అంచులోనే. ఇది కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. నీ వ్యాసంలో అంచు అన్న మాటే లేదు.

నీ పరమాన్నం నేను మర్నాడు మళ్లీ చేశాను. ఈసారి కాచిన పాలు వేడిగానే పోశాను. చల్లటి పాలు పోస్తే అవి వేడెక్కేసరికే గంట దాటుతుంది, మన ఎండల్లో పాలని అంతసేపు గోరువెచ్చగా ఉంచడం మంచిది కాదు. మధ్యలో కరెంటు పోయి రెండు గంటలు దాటినా అంతే, ఆ పాలు పిల్లలకి పెట్టకు. ఈ మాట నువ్వు ఒక్కచోటా రాయలేదు, గోదావరి జిల్లాల్లో ఎండాకాలం కరెంటు సంగతి నీకు తెలియనట్టు. బియ్యం అరగంట నానబెట్టి వేశాను. కొత్త బియ్యం. పాత బియ్యం విడివిడిగా ఉంటుంది, పులిహోరకి బాగుంటుంది, పరమాన్నానికి కొత్త బియ్యమే. మాకు దొరికింది స్వర్ణ, 1982లో మన మార్టేరు పరిశోధన కేంద్రం విడుదల చేసిన రకం. "హై" మీద రెండున్నర గంటలు పట్టింది. మూడుసార్లు మూత తీసి అంచు గీరి కలిపాను. మూత తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అది లెక్కలో వేసుకోవాలి, తీయడం మానకూడదు. అన్నం వేలితో నలిపితే వెన్నలా అయ్యాక స్విచ్ కట్టేసి, పింగాణీ కుండని బయటికి తీసి పెట్టాను. లోపలే ఉంచితే ఆ వేడి ఒకంతట వదలదు. బెల్లం విడిగా కొంచెం నీళ్లతో కరిగించి, ఇసక లేకుండా వడకట్టి, చల్లారాక కలిపాను. విరగలేదు. మా మనవడు రెండు గిన్నెలు తిన్నాడు.

ఇదంతా రాస్తే చోటు పడుతుంది అంటావు. తెలుసు. ఈ చోటు కోసమే నేను ముప్పై ఏళ్లు పోట్లాడాను. నేను రాసిన ఒక వారపత్రికలో ఒక ఎడిటర్‌గారు ఉండేవారు. దాలి అని రాస్తే సన్నని మంట అని మార్చేవారు. సోలెడు పాలు అంటే గ్లాసు అనేవారు, గిద్దెడు నెయ్యి అంటే రెండు చెంచాలు అనేవారు. నాలుగు గిద్దెలు కలిస్తే సోల. గిద్దె నెయ్యికీ రెండు చెంచాల నెయ్యికీ మధ్య ఒక పండగంత తేడా ఉంది. ఎన్ని ఉత్తరాలు రాసినా ఆయన వినలేదు. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరి నేలమట్టమయ్యాక, కూలిన చెట్ల మొవ్వు కోసి పిల్లలకి తినిపించిన తల్లుల గురించి రాసి సంక్రాంతి సంచికకి పంపాను. తిప్పి పంపారు. "పండక్కి పది రకాల స్వీట్లు" కావాలన్నారు. ఆ పది స్వీట్లు రాసిచ్చాను, డబ్బు అవసరమై. కోనసీమలో ఆ ఏడు చాలా ఇళ్లలో పండగే లేదు. ఇప్పటికీ పది అన్న అంకె చూస్తే నా గుండెలో ఏదో కలుక్కుమంటుంది. నీ వ్యాసానికి పది ఎందుకు? నువ్వు చేసినవి ఎన్నో అన్నీ రాయి. మూడు చేస్తే మూడే రాయి.

చేయకుండా రాయడం నేనూ చేశాను, ఒకే ఒక్కసారి. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పాలతాలికలు. మా అత్తగారి తరఫు బంధువు నోటితో చెప్పింది విని, "బియ్యప్పిండి తగినన్ని నీళ్లతో కలిపి తాలికలు చేసుకోవాలి" అని రాసి పంపేశాను. అచ్చయిన పది రోజులకి రాజోలు నుంచి కార్డు వచ్చింది. కూతురి సీమంతానికి చేశారట. తాలికలన్నీ పాలల్లో కరిగిపోయి గంజి అయిందట. తిట్టలేదు ఆవిడ. "నేనేం తప్పు చేశానో చెప్పండి" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు నర్సాపురం వెళ్లి, మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లిలో దిగి, బస్సు పట్టుకుని రాజోలు వెళ్లాను. ఆవిడ ఇల్లు వెతుక్కుని, తప్పు మీది కాదమ్మా నాది అని చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, వంటింట్లోకి తీసుకెళ్లారు. మరిగే నీళ్లల్లో కాస్త బెల్లం వేసి, తడిపిండి పోసి ఉక్కబెట్టి, ఆ వేడి ముద్దని చేతులకి నెయ్యి రాసుకుని తాలికలు చేసి చూపించారు. పాలు తెర్లుతున్నప్పుడే వేయాలి, వేశాక గరిట పెట్టకూడదు. వంట నేర్పింది ఆవిడ, నేను రచయితని. ఆ తర్వాత చెయ్యి పెట్టని వంట ఒక్కటి కూడా రాయలేదు. ఆవిడ కార్డు నా దగ్గర ఇంకా ఉంది.

నీ మిగతా వంటల సంగతి. బొబ్బట్ల పూర్ణం బాగుంది, అది నువ్వు నిజంగా చేశావని తెలిసిపోతోంది. శనగపప్పు చిదిమితే విడిపోవాలి, ముద్ద కాకూడదు అన్నావు, అలాగే ఉండాలి రాత. అరటిపండు హల్వాకి చక్కెరకేళి అని రాయడం కూడా నచ్చింది, రావులపాలెం పిల్ల పండు పేరు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు. కానీ హల్వాకీ కోవాకీ మూత బిగిస్తే ఎలా దగ్గరపడతాయి? మూతకి పట్టిన ఆవిరి నీళ్లై మళ్లీ అందులోనే పడుతుంది. దాలి మీద మూకుడు వారగా పెట్టేవాళ్లు, ఆవిరి పోయేది, పాలు చిక్కబడేవి. కోవాకి మూత ఓరగా పెట్టు, మధ్యమధ్య గోకుతూ ఉండు. కేకు, జున్ను లాంటి వాటికి మూత కింద పొడి బట్ట కట్టు. కాజా మాత్రం తీసెయ్యి. తాపేశ్వరం కాజాకి నూనె కావాలి, పాకం కావాలి, ఈ కుక్కర్ ఆ రెండూ చేయలేదు. "లో"కీ "హై"కీ తేడా గురించి నువ్వు రాసిన పేరా కూడా సరిచూసుకో. చాలా కుక్కర్లలో రెండూ చివరికి చేరే వేడి దాదాపు ఒకటే, చేరడానికి పట్టే సమయమే వేరు.

కలం పేరు గురించి అడిగావు, ఏ పత్రికకి పంపాలని అడిగావు, ఇంకా ఏవో అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఆ బ్రాకెట్లు విప్పెయ్యి. మీ అమ్మమ్మని మొదటి పేజీలోకి తీసుకురా. మూత మీద చెయ్యి పెట్టి ఆవిడకి ఏం తెలిసేది? చెయ్యి తీసి ఏమనేది? నీకు జ్ఞాపకం లేకపోతే మీ అమ్మగారిని అడుగు. అది రాశాకే కుక్కర్ వాట్లూ లీటర్లూ రాయి.

ఇంకో సంగతి. మా వెనక వీధిలో గేదె వచ్చే నెల మొదటి వారంలో ఈనుతుందట. రెండో పూట జున్నుపాలు నాకిస్తామన్నారు. కాచకుండా మామూలు పాలు కొంచెం కలిపి, బెల్లం, మిరియాల పొడి వేసి, గిన్నెలో పోసి నీళ్లున్న కుక్కర్‌లో పెడదాం. ఇందులో బెల్లం మొదటే వేసుకోవచ్చు, ఇవి గట్టిపడాలనే కదా పెడతాం. మా కోడలి కుక్కర్ చిన్నది, నీది పట్టుకుని పొద్దున్న బస్సుకే వచ్చెయ్యి. నోటు పుస్తకం కూడా తెచ్చుకో. రెండు గంటలు పడుతుంది, పీట వేసుకుని పక్కనే కూర్చుందాం.

ఆశీస్సులతో,
పిన్నిగారు