పాఠకుల ప్రశ్నలు: అమెరికా సైన్యం, పదమూడు నెలల ఆలస్యం

విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు: మా మనవరాలు గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా 1917 ఏప్రిల్‌లో చేరిందనీ, జర్మనీ ఓడిపోయిందనీ ఆమె పుస్తకంలో రెండు వాక్యాలతో తేల్చేశారు. అంత పెద్ద దేశం వచ్చి చేరాక కూడా యుద్ధం 1918 నవంబరు దాకా ఎందుకు సాగిందని ఆమె అడిగితే నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఇల్లు అలకగానే పండుగ కాదు. 1917 ఏప్రిల్ 6న జర్మనీపై యుద్ధం ప్రకటించేనాటికి అమెరికా స్థాయీ సైన్యంలో ఉన్నవారు లక్షా ముప్పై వేల లోపే. అది ఎంత తక్కువో తెలియాలంటే, అంతకు ముందు ఏడాది ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర యుద్ధం మొదలైన జూలై 1న, ఆ ఒక్క రోజులోనే, చనిపోయినవారూ గాయపడినవారూ కలిసి బ్రిటిషు వారికి 57 వేల మందికి పైగా నష్టం వాటిల్లిన సంగతి గుర్తుచేసుకోవాలి; ఆ లెక్కన అమెరికా సైన్యమంతా కలిసినా మూడు రోజుల యుద్ధానికి సరిపోదు. అందుకే మే 18న నిర్బంధ సైనిక సేవా చట్టం తెచ్చి, జూన్ 5న 21 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న పురుషుల పేర్లు నమోదు చేయించారు. ఆ జాబితా కోటికి దగ్గరగా తేలింది గానీ, జాబితాలోని పేరు చేత తుపాకీ పట్టించి, నడక నేర్పించి, అట్లాంటిక్ దాటించడం వేరే సంగతి.

విజయవాడ జంక్షనులో సైనిక ప్రత్యేక రైలు ఆగినప్పుడు మీ మనవరాలికి చూపించండి. మనుషులున్న పెట్టెలు కొన్నే ఉంటాయి. వాటి వెనుక లారీలూ జీపులూ ఎక్కించి గొలుసులతో బిగించిన బల్లపరుపు వ్యాగన్లు బారులు తీరి ఉంటాయి. 1917లో అమెరికాకు మనుషులున్నారు, వెనుక ఉండవలసిన ఆ వ్యాగన్లే లేవు. ఫ్రాన్సులో ఆ సైన్యం వాడిన ప్రధాన ఫిరంగి 75 మిల్లీమీటర్ల ఫ్రెంచి ఫిరంగి, ఎక్కిన ట్యాంకులు ఎక్కువగా ఫ్రెంచి రెనో ట్యాంకులు, తలమీది ఇనుపటోపీ బ్రిటిషు నమూనా. సముద్రం దాటినవారిలో దాదాపు సగం మంది బ్రిటిషు ఓడలలోనే వచ్చారు. ప్రపంచంలోకెల్లా సంపన్న దేశం అరువు సామానుతో యుద్ధం చేసిందంటే నేటివారికి నమ్మబుద్ధి కాదు.

మొదటి పదాతి దళం 1917 జూన్ 26న ఫ్రాన్సులోని సెన్ నజేర్ రేవులో దిగింది. అక్టోబరు 21న మొదటి డివిజను సైనికులు నాన్సీ నగరానికి దగ్గరలో, పెద్దగా పోరు లేని ప్రాంతంలో, ఫ్రెంచివారి పక్కన శిక్షణ కోసం కందకాలలోకి వెళ్లారు. రెండు రోజుల తరువాత మొదటి ఫిరంగి పేల్చారు. నవంబరు 2 అర్ధరాత్రి దాటాక జర్మన్లు బతెలెమో గ్రామం దగ్గర వారి కందకంపై దాడి చేసి ముగ్గురిని చంపి, పదిమందికి పైగా బందీలుగా పట్టుకుపోయారు. ఆ కందకాలలో ఎదురుదెబ్బ ఏమిటో అమెరికన్ పదాతి దళానికి తెలిసిన మొదటి రాత్రి అది. సొంతంగా దాడి చేసి ఒక ఊరు పట్టుకోవడం మాత్రం 1918 మే 28న కాంతిన్యీలో గానీ జరగలేదు. అక్కడా ట్యాంకులు ఫ్రెంచివారివే. ప్రకటనకూ ఆ దాడికీ మధ్య గడిచినది పదమూడు నెలలకు పైగా.

అయినా ఆ పదమూడు నెలలు వృథా అని నేను అనను. రష్యా యుద్ధం నుంచి తప్పుకోవడంతో తూర్పున ఖాళీ అయిన సేనలను జర్మన్ సేనాని లూడెన్‌డార్ఫ్ పడమరకు తరలించి, 1918 మార్చి 21న సర్వశక్తులూ ఒడ్డి దాడికి దిగడానికి ముఖ్యకారణం, అమెరికన్లు నిండుగా రాకముందే తేల్చుకోవాలన్న తొందర. ఆ జూలై ఒక్క నెలలోనే మూడు లక్షల మందికి పైగా అమెరికన్లు ఓడలెక్కారు. అంటే వారు పెద్ద సంఖ్యలో కందకాలలోకి దిగకముందే వారి రాక గురించిన భయం జర్మనీ చేత పందెం ఆడించింది. పరీక్షలో ఈ కారణం రాస్తే మార్కులు పడతాయో లేదో గానీ, జవాబు మాత్రం ఇదే.

ఇక్కడ గుంటూరు వారికి ఒక మాట. అమెరికన్ లూథరన్ మిషను తరపున డాక్టర్ అన్నా సారా కూగ్లర్ 1883లో మన దేశానికి వచ్చి, 1898 నాటికి మీ ఊళ్లో ఆసుపత్రి తెరిచారు. ఫ్రాన్సులోనూ ముందుగా కాలు పెట్టింది వైద్యులే: 1917 మే నెలలో, పటాలాల కంటే ముందే, అమెరికన్ డాక్టర్లూ నర్సులూ బ్రిటిషు సైనిక ఆసుపత్రుల బాధ్యత తీసుకున్నారు. అలాంటి ఆసుపత్రి ఒకదానిపై సెప్టెంబరు 4 రాత్రి జర్మన్ విమానం బాంబులు వేస్తే ఒక వైద్యాధికారి మరణించాడు. కందకాలలో ఎవరూ చావకముందే శత్రువు చేతిలో ఒక డాక్టరు పోయాడన్నమాట.

న్యాయవాది, గవర్నర్‌పేట, విజయవాడ: ఫోష్ మిత్రరాజ్యాల సర్వసేనాని అంటారు, పెర్షింగ్ అమెరికన్ సేనాని అంటారు. అమెరికన్ సైనికుడు అసలు ఎవరి ఆజ్ఞ పాటించాలి?

ఈ ప్రశ్న మీదే ఆ ఏడాదంతా తగువు నడిచింది. లాయరుగారు అడిగారు కనుక ముందు మాట తేడా చెబుతాను: అమెరికా తనను మిత్రరాజ్యంగా చెప్పుకోలేదు, సహచర రాజ్యంగా మాత్రమే చెప్పుకుంది. ఉమ్మడి కాపురంలో ఉంటూనే వేరు పొయ్యి పెట్టుకున్నట్లు. తమ పటాలాలలో మూడేళ్ల నష్టంతో ఏర్పడిన ఖాళీలను అమెరికన్ కుర్రవాళ్లతో నింపాలని ఫ్రెంచి, బ్రిటిషు సేనానులు కోరారు. పెర్షింగ్ ససేమిరా అన్నాడు. మార్చి నాటి జర్మన్ దాడితో పరిస్థితి విషమించాక, తన సేనలను ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకోమని ఫోష్‌తో తానే వెళ్లి చెప్పాడు గానీ, సొంత సైన్యం అన్న పట్టు వదలలేదు.

ఆ పట్టు ఎంత దూరం వెళ్లిందో హామెల్ గ్రామం చూపిస్తుంది. ఆస్ట్రేలియా సేనాని మొనాష్ కంపెనీలు అనే అమెరికన్ చిన్న దళాలను తన పటాలాలలో కలుపుకుని దాడికి ఏర్పాట్లు చేసి, వారి జాతీయ పర్వదినమని జూలై 4నే ముహూర్తంగా పెట్టాడు. ముందురోజు పెర్షింగ్ నుంచి వారిని వెనక్కి పంపమని ఆదేశం వచ్చింది. కొందరిని పంపేశాక, మిగిలిన నాలుగు కంపెనీలను కూడా తీసేస్తే దాడినే రద్దు చేయాలని మొనాష్ భీష్మించాడు. ఆ వెయ్యిమంది ఉండిపోయారు. తొంభై నిమిషాల్లో ముగియాలని లెక్కకట్టిన దాడి తొంభై మూడు నిమిషాల్లో ముగిసింది.

ఇంకొక ఉదాహరణ అంత ముచ్చటైనది కాదు. న్యూయార్కు హార్లెమ్‌కు చెందిన నల్లజాతి సైనికుల 369వ పటాలాన్ని మాత్రం పెర్షింగ్ ఏ పేచీ లేకుండా ఫ్రెంచివారికి అప్పగించాడు. తెల్లజాతి సైనికుల పక్కన నిలబెట్టడానికి సొంత సైన్యానికి మనసొప్పని ఆ మనుషులు ఫ్రెంచి తుపాకులతో ఫ్రెంచి సేనానుల కింద పోరాడి, ఆ దేశపు క్రువా ద గేర్ పతకం పొందారు. తన జెండా కింద తన సేన అన్న సూత్రం వీరి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు సడలిందో వివరించనక్కరలేదు.

చివరకు పెర్షింగ్ కోరుకున్న అమెరికన్ మొదటి సైన్యం ఆగస్టులో ఏర్పడి, సెప్టెంబరు 12న సెన్ మియెల్ దగ్గర ఫ్రెంచి దళాలను కూడా తన కింద ఉంచుకుని దాడి చేసింది. సెప్టెంబరు 26న మొదలై యుద్ధాంతం వరకు సాగిన మ్యూజ్-ఆర్గాన్ పోరులో 26 వేల మందికి పైగా అమెరికన్లు మరణించారు. దేశ ప్రతిష్ఠ దృష్ట్యా పెర్షింగ్ పట్టుదల సబబే. అయితే పాత కాపుల అనుభవాన్ని ముందే మరికొంత అరువు తెచ్చుకుని ఉంటే ఆ లెక్క తగ్గేదని నా అభిప్రాయం.

డిగ్రీ విద్యార్థిని, తెనాలి: "లఫాయెట్, మేము వచ్చాం" అన్నది పెర్షింగేనా?

కాదు. లఫాయెట్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఆ దేశం తరఫున పోరాడిన ఫ్రెంచి సేనాని. 1917 జూలై 4న పారిస్‌లో ఆయన సమాధి దగ్గర ఆ మాట అన్నది పెర్షింగ్ కింది అధికారి కల్నల్ స్టాంటన్.

విశ్రాంత రైల్వే ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ: పట్టాలు వేయడానికి వెళ్లిన అమెరికన్ రైల్వే పనివారు కూడా యుద్ధం చేశారని విన్నాను, నిజమేనా? మన భారత సైనికులు వారికి ఎక్కడైనా తారసపడ్డారా?

నిజమే. కాంబ్రే యుద్ధంలో బ్రిటిషు సేనల వెనుక రైలుమార్గాలు సరిచేసే పనిలో అమెరికా 11వ ఇంజినీర్ల పటాలం ఉంది. 1917 నవంబరు 30 ఉదయం గూజోకూర్ దగ్గర వారు పట్టాల మీద పనిచేస్తుండగా జర్మన్ల ఎదురుదాడి వచ్చి పడింది. పనిలోకి తుపాకులు తెచ్చుకోలేదు. కొందరు గునపాలతో, పారలతో కలబడ్డారు, కొందరు చిక్కిపోయారు, తప్పించుకున్నవారు తుపాకులు అందిపుచ్చుకుని బ్రిటిషువారితో కలిసి నిలబడ్డారు. గ్యాంగుమన్ చేతిలోని గునపం బరువు మీకు తెలుసు గనుక ఆ దృశ్యాన్ని నేను వర్ణించడం అనవసరం.

మన పదాతి దళాలు అప్పటికి రెండేళ్ల కిందటే, 1915 చివర, ఫ్రాన్సు వదిలి వెళ్లాయి. ఆశ్విక దళాలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఆ ఎదురుదాడిని ఆపడానికి పంపిన సేనలలో అవీ ఉన్నాయి. ఇంజినీర్లు గునపాలు ఎత్తిన మరునాడే, డిసెంబరు 1న, అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో పెజియేర్ గ్రామానికి తూర్పున, 2వ లాన్సర్ల ఆశ్విక పటాలంలో పనిచేస్తున్న లాన్స్ దఫేదారు గోవింద్ సింగ్ శత్రువుల కాల్పుల మధ్య ఒకటిన్నర మైళ్ల బట్టబయలు దాటి సందేశాలు చేరవేయడానికి మూడుసార్లు తానై ముందుకు వచ్చాడు. మూడుసార్లూ గుర్రం తూటా తగిలి కూలిపోయింది. మూడుసార్లూ మిగిలిన దారి కాలినడకన వెళ్లి సందేశం అందించాడు. ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు.