జయపురానికి తొమ్మిది సీట్ల విమానాన్నే ఎందుకు నడిపారు?

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం విమానాశ్రయపు రన్‌వే పొడవు సుమారు 1,200 మీటర్లే కావడం, రోజూ పెద్ద విమానాన్ని నింపేంత మంది ప్రయాణికులు లేకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు.

విమానం ఎంత బరువైతే నేలను వదలడానికి అంత దూరం పరుగెత్తాలి. పైగా జయపురం సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలుచన కాబట్టి, ముఖ్యంగా ఎండ మండే మధ్యాహ్నాల్లో, ఆ పరుగు ఇంకా పెరుగుతుంది. చిన్న పట్టణాలకు విమాన సౌకర్యం కల్పించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద 2022 అక్టోబరు 31న ఇండియావన్ ఎయిర్ భువనేశ్వర్ నుంచి ఇక్కడికి సర్వీసు మొదలుపెట్టింది. అందుకు వాడిన తొమ్మిది సీట్ల సెస్నా గ్రాండ్ కారవాన్ ఈఎక్స్‌నే ఉదాహరణగా తీసుకుంటే, ఇంధనం, మనుషులు, సామాను అన్నీ కలిపినా దాని గరిష్ఠ బరువు 4 టన్నుల లోపే. విశాఖలో దిగే ఎయిర్‌బస్ ఏ320 గరిష్ఠ బరువు 70 టన్నులు దాటుతుంది.

కారవాన్ ముక్కు దగ్గర తిరిగే ఒకే ఒక్క ఫ్యాన్‌ను చూసి ఇది పాతకాలపు యంత్రమని చాలామంది భయపడతారు. అది పొరపాటు. ఆ ఫ్యాన్‌ను తిప్పేది నమ్మకానికి పేరుపడ్డ టర్బైన్ ఇంజనే.