అమెరికా ప్రైమరీల్లో ఓటర్లు డెలిగేట్లను ఎలా ఎంచుకుంటారు? ఎవరు ఎవరి మనిషో ముందే తెలుస్తుందా?

చాలామంది ఎంచుకోరండీ. ప్రైమరీ అంటే అధ్యక్ష పదవికి తమ తరఫున ఎవరు నిలబడాలో తేల్చుకోడానికి పార్టీ లోపల జరిగే ఎన్నిక. డెలిగేట్లంటే పార్టీ జాతీయ సభకి వెళ్లి ఆ అభ్యర్థిని ఓటేసి ఖాయం చేసే ప్రతినిధులు. బ్యాలెట్‌లో పైనున్న పెద్ద పేరుకి, అంటే అధ్యక్ష పదవికి పోటీపడేవాళ్లకి వేసి, కిందున్న డెలిగేట్ల జాబితా చూసి బిత్తరపోతారు. రాష్ట్రానికో పద్ధతి కాబట్టి నేనుండే పెన్సిల్వేనియా సంగతే చెప్తాను.

2016 ఏప్రిల్ 26. పౌరసత్వం వచ్చాక నా మొదటి ప్రైమరీ. రిపబ్లికన్‌గా నమోదయ్యాను (ఎందుకని అడక్కండి, దాని మీద ఇంట్లో ఇప్పటికీ తగువే). ట్రంప్ మీద పోటీలో ఉన్న జాన్ కేసిక్‌కి వేద్దామని వెళ్లాను. పిట్స్‌బర్గ్ పక్కన పుట్టినవాడు, మాట తీరు కాస్త పద్ధతిగా ఉంటుందని. గుమ్మం ఎక్కకముందే చేతిలో రెండు చీటీలు పడ్డాయి. మన దగ్గర బూత్‌కి వంద మీటర్ల లోపు ప్రచారం చేస్తే కేసు. ఇక్కడ పది అడుగుల దూరం ఉంటే చాలు! ఒక చీటీ ట్రంప్ మనుషులది, మూడు పేర్లు. రెండోది మా ఊరి రిపబ్లికన్ పార్టీ వాళ్లది, వేరే మూడు పేర్లు.

మాకు ఆ ఏడాది 71 మంది రిపబ్లికన్ డెలిగేట్లు. రాష్ట్రంలో గెలిచినవాడికి కట్టుబడాల్సింది 17 మందే. మిగతా 54 మందిని 18 నియోజకవర్గాల్లో ముగ్గురేసి చొప్పున మేమే పేరు చూసి ఎన్నుకోవాలి, వాళ్లు క్లీవ్‌లాండ్‌లో జరిగే పార్టీ జాతీయ సభలో ఎవరికైనా వేసుకోవచ్చు. అక్కడ మొదటి రౌండు ఓటింగులో ఎవరికీ సగానికి మించి రాకపోతే రెండో రౌండు పెడతారు. డెమోక్రాట్ల బ్యాలెట్‌లో పేరు పక్కన ఎవరి తరఫో ఉంటుంది. మా దాంట్లో ఒక్క ముక్క లేదు. ఊళ్లో మనం ఎంపీటీసీకి ఓటేస్తే, ఎంపీపీ ఎవరన్నది వాళ్లు క్యాంపు నుంచి బస్సు దిగాక తేలుతుంది చూడండి, అచ్చం అదే. గోవా రిసార్టు ఒక్కటే తక్కువ.

అదృష్టం కొద్దీ, డెలిగేట్‌గా నిలబడ్డ ఒక పెద్దాయన బయటే నిలబడి అందరికీ షేక్‌హ్యాండ్లు ఇస్తున్నాడు. వెళ్లి అడిగేశాను, మొదటి రౌండులో ఎవరికి వేస్తారు సార్ అని.

"ఈ నియోజకవర్గంలో ఎవరు గెలిస్తే వాళ్లకే."

"నేను కేసిక్‌కి వేసి, కింద మీకూ వేశాననుకోండి. ఇక్కడ ట్రంప్ గెలిస్తే నా ఓటు కూడా ట్రంప్ ఖాతాలోకే కదా?"

ఆయన ఒక్క క్షణం ఆగి, "రెండో రౌండు దాకా వస్తే అప్పుడు చూద్దాం" అని నవ్వి, నా వెనకావిడకి చెయ్యి చాచాడు.

దాపరికం లేకుండా చెప్పాడు కదా అని ఆయనకే వేశాను. మిగతా రెండూ? ఏ చీటీలోనూ లేని ఇద్దరు ఆడవాళ్ల పేర్లు కనిపిస్తే నింపేశాను. సగం రాష్ట్రం ఇలాగే వేస్తుందని నా గట్టి నమ్మకం. ట్రంప్ ఆ రోజు 67 కౌంటీలూ ఊడ్చేశాడు, అది వేరే సంగతి.

పేరు చూసి వేస్తారంటే నమ్మరా? అదే ఏడాది ఇల్లినాయ్ చూడండి. అక్కడ రిపబ్లికన్ డెలిగేట్ పేరు పక్కనే ఎవరి తరఫో అచ్చేసి ఉంటుంది. అయినా ట్రంప్ తరఫున నిలబడ్డవాళ్లలోనే, ముస్లిం పేరులా వినిపించిన ఒకాయనకి పక్కనున్న ఇద్దరి కంటే వేలల్లో తక్కువ ఓట్లు పడ్డాయి. ట్రంప్‌కి అక్కడ ఒక డెలిగేట్ పోయాడు. ఇక మన వెంకట సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు నిలబడితే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

కొత్త ఓటర్లు చెయ్యాల్సిందల్లా, నమూనా బ్యాలెట్ ముందే తెప్పించుకుని, ఆ పేర్లవాళ్లకి మెయిల్ పెట్టి, మొదటి రౌండులో ఎవరికి, తర్వాత ఎవరికి అని అడగడం. జవాబు ఇవ్వనివాళ్లని కొట్టెయ్యండి.

డెలిగేట్లు ఉత్త ఉత్సవ విగ్రహాలు అంటారు కొందరు. 2024 జూలైలో బైడెన్ తప్పుకున్నాక కమలా హ్యారిస్‌ని నిలబెట్టింది ఎవరు? ప్రైమరీల్లో బైడెన్ పేరు మీద వచ్చిన డెలిగేట్లే. ఆ వారమంతా మా వాట్సాప్ గ్రూపుల్లో "ఇదేం ప్రజాస్వామ్యం" అని ఒకటే గోల. అందరికంటే గట్టిగా అరిచింది మా బావగారు. ఆయన ఏ పార్టీలోనూ నమోదు కాలేదు. అలాంటివాళ్లకి పెన్సిల్వేనియా ప్రైమరీలో ఓటే లేదని ఆయనకి ఏప్రిల్‌లో లైన్లో నిలబడ్డాకే తెలిసింది. ఆ సాయంత్రం ఫోన్ చేసి గంటసేపు నాకు రాజ్యాంగం మీద క్లాసు పీకారు.