బొగ్గు ఊళ్లో సోలార్ షాపు

అల్లుడూ,

హైదరాబాద్ ఉద్యోగం మానేసి వచ్చి గోదావరిఖనిలో సోలార్ ప్యానెళ్లు తయారుచేసే యూనిట్ పెడతావటగా, అక్క ఫోన్‌లో చెప్పింది. తనకు టెన్షన్. నాకైతే నువ్వు ఊరికొస్తున్నావంటేనే సంతోషం. ప్యానెళ్ల తయారీ మాత్రం మరిచిపో. వాటి ధర చైనాలో తేలుతుంది, చిన్న యూనిట్లు తట్టుకోలేవు.

మన చేతులకు ఏ పని వచ్చో అక్కణ్ణుంచి మొదలుపెట్టు. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైన దగ్గర్నుంచి ఈ ప్రాంతం నేర్చుకుంది బొగ్గు తీయడం ఒక్కటేనా? మోటార్ వైండింగ్, కేబుల్ జాయింట్లు, పంపులు, వెల్డింగ్. ఓసారి రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే సోలార్ ప్లాంటు చూడు. 100 మెగావాట్లు, 2022లో పూర్తిగా నడకలోకి వచ్చింది. 500 ఎకరాల నీళ్ల మీద 40 బ్లాకులు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా నీళ్ల మీదే. అడుగున బరువులు వేసి తాళ్లతో కట్టారు. తాడు, కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్... బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు నేను పట్టుకున్నవేగా!

అయినా అలాంటి ప్లాంటులో ఉద్యోగాలొస్తాయని కుర్రాళ్లకు ఆశ పెట్టకు. కట్టేటప్పుడు చాలామంది కావాలి, కట్టాక కొద్దిమందే. నిలకడగా ఉండే పని ఇళ్ల మేడల మీద బిగింపు, రిపేరు. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అది బిగింపు పూర్తయి, నెట్ మీటర్ (గ్రిడ్‌కు పోయే కరెంటునీ, వచ్చే కరెంటునీ లెక్కించేది) పెట్టాకే ఇంటాయన ఖాతాలో పడుతుంది. అంతదాకా నీ డబ్బు ఇరుక్కోకుండా అడ్వాన్సు ముందే మాట్లాడుకో. వైండింగ్ షాపుల నుంచి ఇద్దరు ఐటీఐ పిల్లల్ని తీసుకుని సోలార్ బిగింపు నేర్పే సూర్యమిత్ర ట్రైనింగుకు పంపు.

ఒక్కచోట మాత్రం పాత అనుభవమే ముంచుతుంది. మన ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, వైరు విడదీసినప్పుడు లేచే నిప్పు ఆరిపోవడానికి సందు దొరుకుతుంది. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీకి ఆ సందు లేదు. మా మేడ మీద లోడు ఉండగానే కనెక్టర్ లాగాను, నాకు తెలియనిదా అని. నా బొటనవేలి మీద మచ్చ అదే. ముందు ఇన్వర్టర్ ఆపాలి, తర్వాత డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల కరెంటును తెంచే స్విచ్) తిప్పాలి. అప్పటికీ ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ వైర్లలో వోల్టేజీ ఉంటుంది.

ఇక్కడ బొగ్గు దుమ్ము ఎక్కువ కదా, కడగడానికి నెలవారీ ఒప్పందం రాసుకో. పొద్దున్నే కడిగించు, మధ్యాహ్నం కాలిన గాజు మీద నీళ్లు పోస్తే పగలొచ్చు.

వైర్ల ఇన్సులేషన్ చూసే నా 500 వోల్టుల మెగ్గర్ అటక మీదుంది, ఇళ్ల పనికి సరిపోతుంది. వచ్చినప్పుడు తీసుకెళ్లు. లీడ్లు మాత్రం మార్చు, ఎలుకలు కొరికాయి.

మీ మామ