ప్రవక్త తరఫున మాట్లాడేవారి పాత్ర ఏమిటి?

దేవుని మాట పలికే ప్రవక్తకే మళ్లీ మరొకరు నోరుగా ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు, యూదులూ క్రైస్తవులూ పవిత్రంగా భావించే నిర్గమకాండము సూటిగా జవాబిస్తుంది. తాను మాటనేర్పరి కాదని ప్రవక్త మోషే వెనుకాడినప్పుడు, దేవుడు అతని అన్న అహరోనును తోడుగా ఇచ్చి, మోషే మాటలు అందించాలని, అహరోను వాటిని ప్రజలకు వినిపించాలని నిర్ణయించాడు (4:10-16). ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో ఎదుట మోషే దేవుని స్థానంలోనూ, అహరోను అతని ప్రవక్తగానూ నిలుస్తారని ఏడో అధ్యాయం చెబుతుంది. అప్పటికి మోషేకు 80 ఏళ్లు, అహరోనుకు 83. పెద్దవాడైనా, మాటకారి అయినా, సందేశాన్ని మార్చే హక్కు అహరోనుకు లేదు. మోషే కొండ మీద ఉండగా ప్రజల ఒత్తిడికి లొంగి అతడు పూజకు బంగారు దూడను చేసిన ఘట్టం, ఒంటరిగా అతని మాటకు ఎంత తక్కువ బలముందో బాధాకరంగా తెలియజేస్తుంది.

మరో ప్రవక్త యిర్మీయాకు అతని లేఖకుడు బారూకు చేసిన సేవ, నా దృష్టిలో, ఇంకా సాహసమైనది. దేవాలయంలోకి వెళ్లే వీలు లేని యిర్మీయా చెబుతుండగా సిరాతో గ్రంథపు చుట్టలో రాసి, బారూకే అక్కడ ప్రజలకు చదివి వినిపించాడు. తర్వాత ఆ చుట్టను తన ఎదుట చదువుతుండగా యూదా రాజు యెహోయాకీము మూడు నాలుగు పుటలకొకసారి చాకుతో కోసి, ముందున్న కుంపటిలో వేశాడు. యిర్మీయా మళ్లీ చెప్పగా బారూకు మరో చుట్ట రాశాడు; అందులో అలాంటి మాటలు ఇంకెన్నో చేరాయి (యిర్మీయా 36).