జంగలేవా అర్థంలేని మాట కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యానికి నడక ఉంది. కానీ మూడో పేజీలోని ఒక్క మాట నన్ను రెండు రోజులుగా నిలవనీయడం లేదు. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు షకీరా పాడిన "వాకా వాకా" స్పానిష్ రూపాన్ని పరిచయం చేస్తూ, పల్లవిలోని "జంగలేవా"ను అర్థంలేని ఊతపదమని రాశావు. అది ఊతపదం కాదు, "నిన్నెవరు పంపారు?" అనే ప్రశ్న. 1986లో ఆఫ్రికా దేశమైన కామెరూన్‌కు చెందిన గోల్డెన్ సౌండ్స్ బృందం ఆ ప్రశ్నను పాట చేసింది; షకీరా పల్లవి అక్కడి నుంచి వచ్చిందే. ఆ గాయకులు దేశాధ్యక్షుడి రక్షక దళంలో పనిచేసినవారు. సైనిక దుస్తుల లోపల దిండ్లు దోపి, పొట్టలు పెంచుకుని ఆడుతూ పాడేవారు. సిపాయి బతుకులోని అలసటా, పైవాళ్ల మీద పరిహాసమూ ఆ వేషంలోనే ఉన్నాయి.

ఈ పాట స్పానిష్‌లోకి వెళ్లడం షకీరాతో మొదలు కాలేదు. డొమినికన్ రిపబ్లిక్‌లోని మహిళా బృందం లాస్ చికాస్ డెల్ కాన్ 1980లలోనే దానిని మెరెంగే అనే తమ దేశపు నృత్య సంగీతపు నడకలోకి తెచ్చింది. వారు పెట్టిన పేరు "ఎల్ నెగ్రో నో ప్వేదే", అంటే "నల్లవాడికి చేతకాదు". సముద్రం దాటేసరికి బాణీ మిగిలింది గానీ, పైవాళ్ల వైపు తిరిగి ఉన్న వేలు నల్లవాడి వైపే తిరిగింది. షకీరా ఇంగ్లిష్ పాట పేరు "ఈసారి ఆఫ్రికా కోసం" అంటే, స్పానిష్ పాట పేరు "ఇది ఆఫ్రికా" అంటుంది. వంతు వచ్చిందని చెప్పడం వేరు, ఇదుగో అని చూపడం వేరు. నీ వ్యాసం అక్కడ ఆగవలసింది. రెండింటిలోనూ జంగలేవాను మాత్రం అనువదించకుండా ఉంచారు. అది నాకెంతో నచ్చిన నిర్ణయం.

అనుసరణ చేసేవాడు మొదటి గొంతును మొదటి పంక్తిలోనే చెప్పాలని నా పట్టుదల. నా ముప్పయ్యో ఏట ఒక ఒరియా పడవపాటను తెలుగు చేసి వారపత్రికకు పంపితే, పాడిన ముసలాయన ఊరి పేరునూ "అనుసరణ" అన్న మాటనూ కొట్టేసి, సొంత రచనలా అచ్చువేశారు. అడిగితే చోటు చాలలేదన్నారు. ఆ సంపాదకుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ పత్రిక పట్టుకుని ఆ రేవుకు మళ్లీ వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు.

ముందు గోల్డెన్ సౌండ్స్ పాట విను, తరువాత డొమినికన్ పాట, చివరగా షకీరా పాట. ఆ పైన మూడో పేజీ తిరగరాసి నాకు పంపు.