రెండు మీటర్ల ఐసు కింద నాచుకు ఎండ ఎక్కడిది?

ప్రశ్న: ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీద పేరుకున్న ఐసు అడుగున నాచు పెరుగుతుందని చదివాను. అంత మందం ఐసు కింద వెలుతురు లేకుండా ఎలా బతుకుతుందండీ? మంచు కరిగితే దానికి ఇంకా మంచిదేనా?
ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: వెలుతురు బొత్తిగా లేకపోలేదు, చాలా తక్కువ, అంతే. దానికి అసలు అడ్డం ఐసు మీద కురిసి పేరుకున్న మంచేనండీ. కొత్త మంచు మీద పడ్డ ఎండలో నూటికి 80 నుంచి 90 పాళ్లు అట్నుంచటే వెనక్కి పోతుంది. లోపలికి దిగిన కాస్తా రేణువుల మధ్య చెదిరి తొందరగా సన్నగిల్లుతుంది. లెక్క చూస్తే జానెడు మంచు ఆపే వెలుతురు, రెండు మీటర్ల ఐసు ఆపే వెలుతురు రమారమి ఒకటే. గాలికి మంచు ఒకచోట దిబ్బగా, ఒకచోట పల్చగా సర్దుకుంటుంది కాబట్టి కింద నాచు కూడా అతుకులు అతుకులుగానే పెరుగుతుంది.

ఈ నాచు చాలావరకు డయాటమ్‌లు, కంటికి ఆనని ఏకకణ జీవులు. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పు ఐసులో ఇమడదు, చిక్కటి ఉప్పునీరై సన్నటి దారుల్లో మిగిలిపోతుంది. వీటి కాపురం అందులోనే. డ్రిల్లుతో ఐసు దిమ్మను నిలువునా బయటికి లాగితే పైభాగమంతా తెల్లగా, చిట్టచివరి కొద్ది సెంటీమీటర్లు మాత్రం డికాషన్ రంగులో కనిపిస్తాయి. ఆ రంగు ఫ్యూకోజాంతిన్ అనే వర్ణద్రవ్యానిది. ఐసు దాటి వచ్చే నీలి, ఆకుపచ్చ కాంతిని అది బాగా పట్టుకుంటుంది. పైన పడే ఎండలో నూటికి ఒక పాలు కూడా అందకపోయినా మార్చి, ఏప్రిల్‌లలో పెరగడం మొదలెట్టేస్తాయి!

ఇక మంచు కరగడం సంగతి. నాచుకు పండగే అనుకుంటాం కానీ, చీకటికి అలవాటు పడ్డ ప్రాణికి ఒక్కసారిగా ఎండ తగిలితే తట్టుకోలేదు, పైగా ఆ వేడికి ఐసు అడుగు కరిగి నాచు జారి నీళ్లలో పడిపోతుంది. అంటే మార్చిలో వెలుతురు రానివ్వకుండా సతాయించిన మంచే, ఎండలు ముదిరాక దాన్ని కాపాడుతుందన్నమాట. జారిపడింది వృథా ఏమీ కాదు: 2012లో జర్మన్ నౌక పోలార్‌స్టెర్న్ మీద వెళ్లినవాళ్లకు మెలొసిరా అనే నాచు ముద్దలు నాలుగు వేల మీటర్ల లోతున, సముద్రం నేల మీద కనిపించాయి. సముద్ర దోసకాయలనే జంతువులు వాటిని హాయిగా మేస్తున్నాయి.

అన్నట్టు, ఇదంతా ఆర్కిటిక్ ముచ్చట. అంటార్కిటికాలో చాలాచోట్ల మంచు బరువుకు ఐసు కుంగి, సముద్రపు నీరు పైకి ఎగదన్నుతుంది. అక్కడ నాచు అడుగునే కాదు, పైన మంచుకూ ఐసుకూ మధ్య కూడా పెరుగుతుంది.